గాలిని అడిగి చెప్పే దౌలత్ వదిన

మా వదిన దౌలత్ జుట్టుకి రంగు వేసే మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే పని. కానీ గాలిని అడగకుండా ఆవిడ ఎవరి తలా ముట్టుకోదు. గాలి సరేనంటే మీరు అడిగిన రంగులో పావు వంతు వేస్తుంది. వద్దంటే టీ ఇచ్చి ఇంటికి పంపుతుంది. వచ్చిన మనిషిని "ఇప్పట్లో మళ్ళీ కనిపించకు" అని సాగనంపే పార్లరు అలెగ్జాండ్రియా మొత్తంలో మాదొక్కటే.

మాది అంటున్నాను గానీ పార్లరు ఆవిడది. నేను ఆవిడ ఆడబిడ్డని, అవాతిఫ్‌ని. వెనక గదిలో తలలు కడుగుతాను. ఈ పద్దెనిమిదేళ్ళలో నేను కడిగిన తలల్ని వరసగా నిలబెడితే అన్‌ఫూషీ చేపల మార్కెట్ దగ్గర మొదలై రైల్వే స్టేషన్ దాకా వస్తాయి. వాటిల్లో వెతికినా ఒక్క పసుపుపచ్చ తల కనిపించదు.

గాలిని ఎలా అడుగుతుందంటారా? తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉంది. మేకుకి గజం పొడుగు వెంట్రుక. వెంట్రుక చివర ఒక కోటు బొత్తం. బొత్తం వెనక గోడ మీద పెన్సిల్ గీతలు. గాలిలో తేమ ఎక్కువైతే వెంట్రుక సాగి బొత్తం దిగుతుంది, గాలి పొడిబారితే బొత్తం పైకి పోతుంది. చిన్నతనంలో ఆవిడకి పని నేర్పిన గ్రీకు దొరసాని నేర్పిన విద్య ఇది.

"ఎవరి వెంట్రుక వదినా అది?" అని ఒకసారి అడిగాను.

"నాదే. పెళ్ళినాటిది."

"అమ్మో, అంత పొడుగుండేదా!"

"ఉండేది. తర్వాత మీ అన్నయ్యతో కాపురం చేశాను కదా."

ఆ అన్నయ్య పేరు సబ్రీ. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. భార్య ఊరందరి తలలకీ రంగులు వేస్తుంటే తన మీసం ఒక్కటే తెల్లబడిపోతోందని ఆయన బాధ. ప్రతి పండక్కీ ముందు పార్లరు తలుపు బయటే నిలబడి, లోపల ఆడవాళ్ళుంటారు కాబట్టి వీధిలోంచే కేకేసేవాడు.

"దౌలత్! మీసం సంగతేం చేశావు?"

"బొత్తం దిగి ఉంది!" అని లోపల్నుంచి జవాబు.

"పోయిన పండక్కీ ఇదే చెప్పావు!"

"సముద్రాన్ని కొంచెం అవతలికి జరగమను, వేస్తాను!"

ఒక ఆగస్టులో మా అన్నకి పౌరుషం వచ్చి ఏదో నల్ల పొడి కొని, బాత్రూంలో తలుపేసుకుని తనే పూసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకుని, పాతికేళ్ళ కుర్రాడిలా ట్రామెక్కి స్నేహితుల దగ్గరికి వెళ్ళాడు. ఆగస్టులో మా ఊరి ట్రామ్ అంటే కదిలే ఆవిరి గది. దిగేసరికి మీసం రెండు కొసల నుంచీ చొక్కా మీదికి రెండు నల్లటి కాలవలు పారాయి. పెన్ను కారిందని చెప్పాడు అందరికీ.

"పెన్ను మీసంలో పెట్టుకున్నావా అన్నయ్యా?" అన్నాను నేను.

 మా వదిన చొక్కా నానబెట్టి వచ్చి, బొత్తం వంక చూసి, మా అన్న వంక చూసింది. అంతే. ఆయన వారం రోజులు ఆ గోడవైపు తల తిప్పలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళ అవస్థ చూడాలి. ఫోనులో బంగారు జుట్టు బొమ్మ చూపించి "ఇలా కావాలి మేడమ్" అంటారు. మా వదిన కళ్ళజోడు పెట్టుకుని ఆ బొమ్మని కాసేపు చూస్తుంది.

"ఈమె ఎక్కడుంటుంది?"

"స్వీడన్లో అనుకుంటా."

"నువ్వో?"

"ఇక్కడే, రాస్ ఎత్తీన్లో."

"ఎన్నో అంతస్తు? బాల్కనీ సముద్రం వైపా, వీధి వైపా?"

"నాలుగో అంతస్తు. సముద్రం వైపు."

"మీ ఇంట్లో తువ్వాలు ఆరేస్తే ఎంతసేపట్లో ఆరుతుంది?"

ఆ అమ్మాయికి తను పార్లరుకొచ్చిందో పోలీస్ స్టేషనుకొచ్చిందో అర్థం కాదు. "ఎండ ఉంటే సాయంత్రానికి" అంటుంది బిక్కమొహం వేసి.

"పొద్దున ఆరేస్తే సాయంత్రానికా! సరే. వంట ఎవరు చేస్తారు? చేపలు వేయించేటప్పుడు కిటికీ తీస్తావా? పిల్లలెంతమంది? నీ తల నువ్వు చూసుకోడానికి వారానికి ఎంత తీరిక దొరుకుతుంది?"

"శుక్రవారం ఓ గంట. అదీ పిల్లలు పడుకుంటే."

అప్పుడు మా వదిన ఫోను తిరిగిచ్చేసి తీర్పు చెబుతుంది. "చూడమ్మా. నల్ల జుట్టుని బంగారంగా చెయ్యాలంటే ముందు దాని నలుపంతా పీకేయాలి. పీకేస్తే లోపల బోలు. ఆ బోలు జుట్టు ఈ ఊరి తేమంతా తాగి స్పాంజిలా ఉబ్బుతుంది. నెల తిరక్కుండా కుదుళ్ళ దగ్గర నల్లగీత కనిపిస్తుంది, పరిగెత్తుకుంటూ నా దగ్గరికి రావాలి. నెలనెలా వచ్చి మొహం చూపించడానికి నేను నీ అత్తగారినా?"

తర్వాత ఆవిడ పద్ధతి మొదలవుతుంది. కుదుళ్ళ నుంచి నాలుగు వేళ్ళ దాకా జుట్టు జోలికి పోదు. అక్కణ్ణించి కిందికి, మొహానికి అటూ ఇటూ నాలుగు పాయలు తీసి, బ్రష్షుతో చేతిరాత రాసినట్టు రంగు పూస్తుంది. అదీ సొంత జుట్టు కంటే ఒక మెట్టు, మహా అయితే రెండు మెట్లు లేత రంగు. కాఫీ రంగో, కాల్చిన ఖర్జూరం రంగో. జుట్టు ఎంత పెరిగినా ఎక్కడా గీత పడదు. ఎండలో నిలబడితే మెరుస్తుంది, నీడలో ఎవరికీ అనుమానం రాదు. "రెండు రోజులకోసారి తల తడుపు చాలు. చల్లనీళ్ళు. చివర్లకి రెండు చుక్కలు నూనె" అని చెప్పి, ఒక కాగితమ్ముక్క మీద ఆరు నెలల తర్వాతి తారీఖు రాసి చేతిలో పెడుతుంది. ఆ తారీఖుకి ముందు వచ్చారో, తిట్లు.

తిట్లు పార్లరుతో ఆగితే బాగుండేది. ఒకసారి మా వీధిలో ఒక పెద్దావిడ పోతే పరామర్శకి వెళ్ళాం. ఆడవాళ్ళందరం లోపల గదిలో కూర్చుని కన్నీళ్ళు తుడుచుకుంటున్నాం. నా పక్కన హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్జా నెమత్. డెబ్బై దాటిన మనిషి, మా పార్లరులో మొదటి కుర్చీ ఆవిడ సొంత ఆస్తి అనుకుంటుంది. మా వదిన దుఃఖంతో ఆవిడ మీదికి వంగి, కౌగలించుకుని, ఆ కౌగిలిలోనే ఆవిడ తలగుడ్డ అంచు రెండు వేళ్ళతో ఎత్తి లోపలికి తొంగిచూసింది.

"బాగానే ఉంది హాజ్జా. ఇంకా నెలన్నర ఆగొచ్చు."

"దౌలత్, అవతల శవం లేచి ఇంకా గంట కాలేదే!"

"ఆవిడ తలకీ నేనే వేశాను. చివరిదాకా గీత పడలేదు, అల్లా చలవ" అంది మా వదిన కళ్ళు తుడుచుకుంటూ.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ బొత్తం మీద నాకు ఎప్పణ్ణించో ఓ అనుమానం. దాని లెక్క ఒక్కోసారి కుదిరేది కాదు. చినుకులు పడుతున్న రోజున ఎవరో నవ్వుతూ వస్తే "పైగీత దగ్గరుంది, కూర్చో" అనేది మా వదిన. ఆకాశం నిక్కమైన నీలంలో ఉన్న రోజున ఇంకెవరో వస్తే, "అయ్యో, అడుగు గీతకి దిగిపోయింది, రెండ్రోజులాగి రా" అనేది. నేను తడి చేతులతో వెనక గదిలోంచి వచ్చి చూసేసరికి నిజంగానే దిగి ఉండేది. వచ్చినామె టీ తాగుతూ ఉండేది.

"ఏం వదినా, నీ వెంట్రుకకి బయటి ఎండ కనపడదా?" అని ఏడిపించేదాన్ని.

"తేమ కంటికి కనపడదే. పోయి తల కడుగు" అనేది.

అలా ఎన్నేళ్ళు గడిచేవో తెలియదు, రబాబ్ టీచరమ్మ రాకపోయి ఉంటే.

రబాబ్ బాలికల బడిలో సైన్సు చెబుతుంది. ముప్పై నాలుగేళ్ళు. నడుం దాటిన జడ. ఏడాదికి రెండుసార్లు వచ్చి నాలుగు పాయలు వేయించుకుని, కాగితం మీద తారీఖు చూసి, సరిగ్గా ఆ తారీఖునే వచ్చే మనిషి. మా వదినకి ఆమె అంటే ప్రాణం. హమ్దీ అనే అతనితో ఆమెకి నిశ్చితార్థం అయి ఆరేళ్ళు. ఫ్లాట్ పూర్తవగానే పెళ్ళి అంటూ వచ్చాడు. ఆరేళ్ళకి ఫ్లాట్ పూర్తయింది. పూర్తయిన రెండో నెలలో అతను ఉంగరం వెనక్కి ఇచ్చేసి ఇంకో అమ్మాయిని ఖాయం చేసుకున్నాడు.

అది ఏప్రిల్. ఆ రోజు ఎడారివైపు నుంచి ఖమాసీన్ గాలి వీస్తోంది. ఆకాశం పప్పు రంగులో ఉంది. మాట్లాడితే పళ్ళ కింద ఇసుక కరకరలాడుతోంది. పెదాలు పగిలిపోతున్నాయి. నేను బాల్కనీలో ఆరేసిన దుప్పటి పావుగంటలో అట్టలా బిగిసిపోయింది. తీసి గోడకి నిలబెడితే నిలబడింది.

ఆ గాలిలో, బడి జరిగే వేళకి, రబాబ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తలగుడ్డ తీసి కుర్చీ మీదికి విసిరింది. పిన్నులు పీకింది. జడ విప్పింది.

"అక్కా, ఇదంతా కొట్టెయ్. చెవుల దాకా. మిగిలిందాన్ని తెల్ల బంగారం చెయ్. రేపు హమ్దీ పెళ్ళి. వెళ్తున్నాను నేను."

 హాజ్జా నెమత్ కుర్చీలో ఉంది. బేకరీ నడిపే ఇఫాఫ్ పాయలకి రేకు కాగితాలు చుట్టుకుని ఉంది. నేను వెనక గదిలోంచి తువ్వాలు పట్టుకుని అప్పుడే బయటికొచ్చాను.

మా వదిన ఆమె మొహం చూసింది. రబాబ్ ఏడవడం లేదు. ఏడ్చి వచ్చిన మొహం అది, కళ్ళ చుట్టూ వాచి ఉంది.

"కూర్చో తల్లీ. ముందు టీ తాగు" అని కరెంటు కెటిల్ పట్టుకుని తలుపు పక్క మూలకి పోయింది మా వదిన.

"టీ వద్దు. కత్తెర తియ్."

"తీస్తానమ్మా, గాలిని చూసి తీస్తాను." కాసేపు అటు తిరిగి నిలబడి, ఇటు తిరిగి, పెద్ద నిట్టూర్పు విడిచింది. "అయ్యో టీచరమ్మా! అడుగు గీతకి దిగిపోయింది. ఇవాళ రంగు వేస్తే పట్టదు. శనివారం రా."

రబాబ్ తల తిప్పింది. "తేమా?"

"విపరీతమైన తేమ."

"ఇవాళా?"

కిటికీ అద్దానికి ఇసుక చరచరా కొట్టుకుంటోంది. హాజ్జా నెమత్ దగ్గి గొంతు సవరించుకుంది. నాకు నవ్వు వస్తోంది గానీ ఆపుకున్నాను.

"అక్కా," అంది రబాబ్ లేచి, "ఈ పరికరం గురించి ఏటేటా ఆరో తరగతికి పాఠం చెబుతాను నేను. వెంట్రుక అబద్ధం చెప్పదు. దాని దగ్గర ఏదో ఉండాలి." నాలుగడుగులు వేసి గోడ దగ్గరికి వెళ్ళింది. మా వదిన అడ్డం రాబోయి ఆగిపోయింది.

మేకు కింద చిన్న స్టూలు. స్టూలు మీద కెటిల్. మూత తీసి ఉంది. సలసల కాగుతున్న నీళ్ళ ఆవిరి తిన్నగా వెంట్రుక పొడవునా పైకి పోతోంది.

రబాబ్ కెటిల్ ఎత్తి పక్కనున్న బల్ల మీద పెట్టింది. చేతులు కట్టుకుని నిలబడింది. మేమందరం నిలబడ్డాం. బొత్తం మెల్లగా కదిలింది. అడుగు గీత దాటింది. మధ్య గీత దాటింది. పైగీత కూడా దాటి, అసలు గీతలే లేని చోట ఆగింది.

ఇఫాఫ్ తలలో రేకు కాగితాలు గలగలమన్నాయి. "దౌలత్ అక్కా... నాకు విడాకులైన రోజున వచ్చి గుండు చెయ్యమన్నాను. బొత్తం దిగిందన్నావు. అప్పుడూ కెటిలేనా?"

మా వదిన నేలవైపు చూసింది. "ఆ రోజు రెండు కెటిళ్ళు పెట్టాను. నువ్వు మరీ గట్టిగా అడిగావు."

"మా కోడలు నన్ను ముసలి పీనుగా అన్న రోజు?" అంది హాజ్జా నెమత్. "ఎర్రగా వెయ్యమని వచ్చాను కదా!"

"కెటిలే హాజ్జా."

"నా మొగుడు పోయాక?" అన్నాను. నాకే తెలియకుండా నోట్లోంచి వచ్చేసింది. "జడ కోసి అతనితో పాటు గోరీలో పెట్టేస్తానన్నాను కదా వదినా. వద్దు, ఇవాళ కత్తెరకి తుప్పు పడుతుంది అన్నావు."

"ఆ రోజు నిజంగానే వానే అవాతిఫ్. నీ విషయంలో అబద్ధమాడలేదు. అదృష్టం."

రబాబ్ ఒక్కతే నవ్వలేదు. "ఎందుకక్కా? వద్దు అని నోటితో చెప్పొచ్చు కదా. నేను చిన్నపిల్లనా, ఆవిరి చూపించి ఆడించడానికి?"

మా వదినకి జుట్టు గురించి ఎంతసేపైనా మాట్లాడటం వచ్చు. మనసు గురించి అంటే నాలుక బిగుసుకుపోతుంది. పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో మా అన్నకి ఆవిడ చెప్పిన తియ్యటి మాట "చేప బాగా వేగింది" అన్నదొక్కటే. అలాంటి మనిషి ఇప్పుడు అందరి ముందూ నిలబడి, తువ్వాలు మెలితిప్పుతూ మాట్లాడింది.

"ఏడ్చేవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియదమ్మా. ఎప్పుడూ తెలియలేదు. ఒకటి మాత్రం తెలుసు. జుట్టు మీద కోపం తీర్చుకుంటే తిరిగి పెరగడానికి మూడేళ్ళు పడుతుంది. కోపానికి మూడు రోజులు చాలు. ఆ మాట నేను చెబితే ఎవరు వింటారు? నాకేం కష్టం తెలుసని విసుక్కుంటారు. గాలి చెప్పిందంటే ఎవరూ ఏమీ అనరు. ఏమైంది అని నేను అడగక్కర్లేదు, ఇదీ అని వాళ్ళు చెప్పక్కర్లేదు. టీ తాగి వెళ్ళిపోతారు."

ఆ తర్వాత సొరుగు లాగింది. కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. నేను పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చూడని డబ్బా ఒకటి అడుగు నుంచి తీసింది. నలుపు పీకేసే పొడి అది. "దొరికిపోయాను. ఇంక నీ ఇష్టం తల్లీ. ఏది చెబితే అది చేస్తాను" అని గిన్నెలో పొడి పోసింది. 

రబాబ్ కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంది. చాలాసేపే చూసుకుంది. ఇసుక కిటికీకి కొట్టుకుంటూనే ఉంది.

"ఆ పెళ్ళికూతురి జుట్టు ఎలా ఉంటుందో తెలుసా అక్కా? పసుపుపచ్చ. ఫోటో చూశాను" అంది చివరికి. "నేనూ అదే వేసుకుని పోతే, వాడు నన్ను చూసి ఏమనుకుంటాడు? వీధిలో అందరూ తన కోసమే రంగు మార్చుకుంటున్నారనుకుంటాడు."

"అనుకునే రకమే వాడు" అంది హాజ్జా నెమత్.

"ఆ డబ్బా లోపల పెట్టక్కా. నీకు తోచింది వెయ్."

మా వదిన ఆ గిన్నెని నా చేతికిచ్చిన వేగం చూస్తే అందులో పాముందేమో అనిపించేది. నాలుగు పాయలే వేసింది. కానీ అంత నిదానంగా, అంత శ్రద్ధగా ఆవిడ వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు రబాబ్ పెళ్ళికి పోలేదు. మా ఇంటికి వచ్చి, మా అన్న వేయించిన చేపలు తిని, హమ్దీని మా అన్న చేత క్రేను మీద నుంచి తిట్టే తిట్లన్నీ తిట్టించి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి వెళ్ళింది.

ఆ వారమే మా వదిన మేకు నుంచి వెంట్రుకని విప్పేసింది. "నిజం తెలిశాక అదెందుకు?" అంది. మేము వద్దన్నాం. వినలేదు. పెన్సిల్ గీతల మీద సున్నం కూడా పూసేసింది. అప్పట్నుంచి ఎవరు లోపలికి వచ్చినా ఆవిడ కళ్ళు ముందు ఆ ఖాళీ గోడ మీదికి పోయేవి. తర్వాత వచ్చినవాళ్ళ మొహం మీదికి, భయంగా.

జూన్ నడుమలో, సముద్రపు తేమ మళ్ళీ ఊరిని కప్పేసిన ఒక గురువారం, కొత్త అమ్మాయి ఒకతె వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. తలగుడ్డ తీసింది. పసుపుపచ్చ జుట్టు, ఖర్జూరపు చెట్టు పీచులా నిలబడిపోయింది. చెయ్యి పెడితే విరిగి ఊడొస్తోంది. కుదుళ్ళ దగ్గర రెండు వేళ్ళ వెడల్పున నల్లగా ఉంది.

"గుండు చేసెయ్యండి మేడమ్" అంది ఆ అమ్మాయి, పేరు కూడా చెప్పకుండా. వెంటనే ఏడుపు. "నాలుగు పార్లర్లు తిరిగాను. ప్రతివాళ్ళూ ఇంకోటి పూస్తారు, ఇంకా విరుగుతుంది. వారానికోసారి పార్లరేనా అని మా అత్తగారు అందరి ముందూ అంటోంది. ఇవాళ పొద్దున నా తల చూసి నవ్వాడు మా ఆయన. అతనే వేసుకోమన్నాడు మేడమ్ ఈ రంగు! లుబ్నా, నీకు బాగుంటుందీ అన్నాడు. ఇప్పుడు నవ్వుతాడు."

"ఎవరమ్మా మీ ఆయన?" అంది హాజ్జా నెమత్, అలవాటుగా.

"హమ్దీ అని. ఏప్రిల్లోనే పెళ్ళయింది."

నా చేతిలో మగ్గు జారి కింద పడింది. ఎందుకంటే కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో నోటుబుక్కుల కట్ట పెట్టుకుని, ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ రబాబ్ కూర్చుని ఉంది. గురువారాలు బడి తొందరగా వదులుతారు. ఏప్రిల్ నుంచీ ఆ రోజుల్లో ఇటే వచ్చేది.

మా వదిన తెల్ల గోడవైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. లుబ్నా కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని "తొందరగా మేడమ్" అంది. మా వదిన నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది.  కత్తెర ఆవిడ చేతిలో ఊరికే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

రబాబ్ ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. నోటుబుక్కులు కిటికీ గట్టు మీద పెట్టి లేచింది. లుబ్నా దగ్గరికి వచ్చి, వెనక నిలబడి అద్దంలోకి చూసింది. 

"గుండు చెయ్యాలంటే ముందు తల కడగాలి కదమ్మా" అంది రబాబ్, క్లాసులో మాట్లాడినంత స్పష్టంగా. "ఇవాళ నీళ్ళు రావడం లేదు."

"నీళ్ళా?" కళ్ళు తెరిచింది లుబ్నా.

"పొద్దుట్నుంచీ. ఈ వీధంతా అంతే. ఎక్కడో పైపు పగిలిందట."

వెనక గదిలో కుళాయి ధారగా పోస్తోంది. నేను బకెట్ నింపుకుంటూ వదిలేసి వచ్చాను. ఒక్క అంగలో వెళ్ళి కట్టేశాను. తిరిగొచ్చేసరికి హాజ్జా నెమత్ రంగంలోకి దిగిపోయింది. ఆవిడ తలకి రంగు పూసి సరిగ్గా ముప్పావుగంట అయింది. నేను కడగడానికి పిలవబోతున్న క్షణం అది.

"నిజమే తల్లీ! నన్ను చూడు, నీళ్ళ కోసం ఎంతసేపట్నుంచి ఇలా కూర్చున్నానో!"

"అయ్యో పెద్దమ్మా! మెడ మీదికి కారుతోంది! మా ఇల్లు దగ్గరే, రెండు బకెట్లు పట్టుకురానా?"

"ఈపాటికి మీ వీధిలోనూ ఆగిపోయుంటాయి" అంది రబాబ్.

"రేపు వస్తాయి" అన్నాను నేను.

"పది గంటలకి" అంది రబాబ్.

మా వదిన మా ముగ్గురి వంకా ఒక్కొక్కరిగా చూసింది.  అటు తిరిగి టీ పెట్టింది. లుబ్నా గ్లాసు అందుకుని, ఓ గుక్క తాగి, ఉన్నట్టుండి ఆగింది.

"నీళ్ళు రావట్లేదన్నారు, మరి టీ?"

"నిన్నటి నీళ్ళు" అంది మా వదిన.

జుట్టు గురించి కాబట్టి ఆవిడకి ఇంక మాటలు వచ్చేశాయి. ఆ పీచుని వేళ్ళ మధ్య తిప్పి చూస్తూ, "గుండెందుకే పిచ్చిదానా? చివర్లు ఓ జానెడు తీసేద్దాం. మిగతాదాన్ని మళ్ళీ నీ సొంత రంగు దగ్గరికి దింపుతాను, కాఫీ రంగులోకి. పైనుంచి నీ నలుపు పెరుగుతూ దానికదే కలిసిపోతుంది. ఎవరికీ గీత కనపడదు. నువ్వు నా దగ్గరికి కూడా రానక్కర్లేదు, ఆరు నెలలు" అంది. లుబ్నా ముక్కు తుడుచుకుంటూ వింటోంది. ఆమె పక్కన కుర్చీ లాక్కుని రబాబ్ కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు సరిగ్గా వినపడలేదు. చేపలు వేయించేటప్పుడు తలకి గుడ్డ కట్టుకోవాలని చెబుతోంది రబాబ్. లుబ్నా ఒకసారి నవ్వింది కూడా. గంటన్నర కూర్చుని వెళ్ళింది.

తలుపు మూసుకోగానే "కడగవే, నా మెడ మండిపోతోంది!" అని హాజ్జా నెమత్ ఒక్క గావుకేక పెట్టింది. నేను ఆవిడని వెనక్కి లాక్కెళ్ళి కుళాయి తిప్పాను.

ముందు గదిలో మా వదిన మెల్లగా అంటోంది. "ఏం టీచరమ్మా, ఆరో తరగతికి ఇదేనా నువ్వు చెప్పే సైన్సు?"

"ఆరో తరగతికి నీళ్ళ పైపుల పాఠం లేదక్కా" అంది రబాబ్, ఎర్ర పెన్ను మూత తీస్తూ.

ముప్పావుగంటకి గోధుమరంగు అవ్వాల్సిన హాజ్జా నెమత్ తల, రెండుంబావు గంటలకి నిగనిగలాడే వంకాయ రంగు అయింది. ఆవిడ అద్దంలో చూసుకుంది. తర్వాత తల అటూ ఇటూ తిప్పి, వెనకవైపు కూడా అద్దం పట్టించుకుని చూసి, తలగుడ్డ వేసుకుని ఇంటికి పోయింది. నాలుగు నెలలు ఉంది ఆ రంగు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా ఆవిడ నుదుటి దగ్గర తొంగిచూస్తున్న ఊదారంగు చూసి "ఇదేంటి హాజ్జా!" అని నోరు నొక్కుకుంటే, ఆవిడ ఏమాత్రం తొణక్కుండా ఒకటే జవాబు చెప్పేది.

"ఏం చెయ్యనమ్మా, ఆ రోజు మా వీధిలో నీళ్ళు రాలేదు."